ట్యాబ్‌కి లక్ష పెట్టాలా?

మా నాన్నగారికి డెబ్బై ఆరేళ్ళు. శుక్లాల ఆపరేషన్ అయి చూపు కుదుటపడ్డాక ఆయన మనసు పాత పత్రికల మీదికి పోయింది. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ స్కాన్ చేసి పెట్టిన వార, మాస పత్రికలు, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుణ్యమా అని ఇంటర్నెట్‌లో దొరికే పాత తెలుగు పుస్తకాలు అన్నీ పీడీఎఫ్‌లే. ఫోన్‌లో వాటిని రెండు వేళ్ళతో సాగదీసి, అటూ ఇటూ జరిపి, విసిగిపోయి, "ఒక ట్యాబ్ చూసి పెట్టరా, చదువుకోవడానికే, ఇంకేం అక్కర్లేదు" అన్నారు. అదే వేసవిలో ఇంటర్‌లో చేరబోతున్న మా అమ్మాయి కూడా ట్యాబే అడిగింది. యానిమేషన్ స్టూడియోలో బొమ్మలు గీసే మా మేనల్లుడు అప్పటికే ఐప్యాడ్ ప్రో కోసం డబ్బు కూడబెడుతున్నాడు.

ఒకే వస్తువు పేరు చెప్పి ముగ్గురూ మూడు వేర్వేరు పనిముట్లు అడిగారన్న సంగతి నాకు దుకాణానికి వెళ్ళాక గానీ అర్థం కాలేదు. 2024లో 12,999 రూపాయలకు వచ్చిన రెడ్‌మీ ప్యాడ్ ఎస్‌ఈ ఒక కొసన ఉంటే, అదే ఏడాది 1,29,900 రూపాయలకు వచ్చిన 13 అంగుళాల ఐప్యాడ్ ప్రో మరో కొసన ఉంది. దాదాపు పది రెట్లు. ఈ రెండింటి నడుమ 20 నుంచి 45 వేల మధ్య ఒక పెద్ద గుంపు ఉంది. ఈ వ్యాసమంతా ఆ మధ్య గుంపుకీ, లక్ష దగ్గరుండే పై వరసకీ నడుమ ఉన్న తేడా గురించే. (ఇక్కడ చెప్పే ధరలన్నీ ఆయా మోడళ్ళు మన దేశంలో విడుదలైనప్పటివి. పండుగ సేల్‌లో ఇంతకంటే తగ్గుతాయి.)

చవక ట్యాబ్ మీద మన ఆశ ఇప్పటిది కాదు. స్టీవ్ జాబ్స్ మొదటి ఐప్యాడ్‌ని 2010 జనవరిలో చూపించాడు. తర్వాతి ఏడాది అక్టోబరు 5న కేంద్ర ప్రభుత్వం 'ఆకాశ్' విడుదల చేసింది. ప్రభుత్వం ఒక్కొక్కటి 2,276 రూపాయలకు కొన్న ఆ ట్యాబ్ మొదటి విడతని కూర్చింది మన హైదరాబాద్‌లోనే. ఏడంగుళాల తెర, 256 ఎంబీ ర్యామ్. ఆ తెర వేలు తాకితే పలికే రకం కాదు, గట్టిగా నొక్కాలి. ప్రతి విద్యార్థి చేతిలో ట్యాబ్ అన్న ఆలోచన గొప్పదే. కానీ ఆ ధరకి ఆ రోజుల్లో వచ్చే తెర, ర్యామ్ చదువుకి సరిపోలేదు. పని చేయని చవక వస్తువు అసలు చవకే కాదని అప్పుడే తేలిపోయింది.

ఆ తర్వాతి ఏళ్ళలో జరిగినదేమిటంటే, పై వరసలో పుట్టిన చాలా సౌకర్యాలు కొన్నేళ్ళలో మధ్య వరసకి దిగివచ్చాయి. యాపిల్ పెన్సిల్ 2015లో ఐప్యాడ్ ప్రోకి మాత్రమే పనిచేసేది. 2018కల్లా అన్నిటికంటే చవకైన ఐప్యాడ్‌కి కూడా వచ్చింది. సెకనుకి 120 సార్లు మారే తెర 2017లో ఐప్యాడ్ ప్రోలో వింత. 2025 జనవరిలో 27,999 రూపాయలకు వచ్చిన షావోమీ ప్యాడ్ 7 తెర సెకనుకి 144 సార్లు మారుతుంది. 59,900 రూపాయల ఐప్యాడ్ ఎయిర్ మాత్రం అదే ఏడాది మార్చిలో కూడా 60 దగ్గరే ఆగింది. అంటే ధర పెరిగే కొద్దీ అన్నీ ఒకే మోస్తరుగా పెరుగుతాయన్న నమ్మకం తప్పు. ఒక్కోసారి ప్రవాహం ఎదురుగా కూడా నడుస్తుంది. వీడియో కాల్ కోసం కెమెరాని ట్యాబ్ పొడుగు అంచు మీద పెట్టడం యాపిల్‌లో మొదట 2022 నాటి మామూలు ఐప్యాడ్‌కి జరిగింది. ప్రో మోడల్‌కి ఆ మార్పు రావడానికి 2024 పట్టింది. డాలస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో ఉన్న మనవడితో రోజూ మాట్లాడే అమ్మమ్మకి, ట్యాబ్‌ని అడ్డంగా నిలబెట్టినప్పుడు చూపు పక్కకి పోకుండా ఎదురుగా చూస్తున్నట్టు కనబడటం ఎంత ముఖ్యమో ఆ ఇళ్ళలో వాళ్ళకి తెలుసు. లక్ష రూపాయల వస్తువు ఈ ఒక్క విషయంలో రెండేళ్ళు వెనకబడింది.

సరే, అసలు విషయం తెర. దీని మీద ఎక్కువసేపు ఉంటాను. ఎందుకంటే తెలుగు చదివేవాళ్ళకి ట్యాబ్ కొనడంలో నూటికి అరవై పాళ్ళు తెర కొలతేనని నా నమ్మకం.

స్కాన్ చేసిన పుట ఫొటోలాంటిది. వెబ్‌సైట్‌లో లాగా అక్షరాన్ని పెద్దది చేస్తే పంక్తులు సర్దుకోవు. పుట మొత్తం తెరలో పట్టాలంటే కుదించుకోవాల్సిందే. ఎంత కుదించుకుంటుందో లెక్క వేయడానికి స్కేలు చాలు. ఎ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు, పొడవు 297. కోచింగ్ సెంటర్ నోట్సు, ప్రశ్నపత్రాలు, ఆఫీసు ఉత్తర్వులు అన్నీ ఈ కొలతలోనే ఉంటాయి. 8.7 అంగుళాల చిన్న ట్యాబ్‌ని నిలువుగా పట్టుకుంటే తెర వెడల్పు దాదాపు 113 మిల్లీమీటర్లు. పుట 54 శాతానికి కుంచించుకుపోతుంది. 12 పాయింట్లలో అచ్చయిన అక్షరం ఆరున్నర పాయింట్లుగా కనబడుతుంది. 13 వేల నుంచి 21 వేల లోపు దొరికే చాలా 11 అంగుళాల ట్యాబ్‌లు 16:10 ఆకారంలో ఉంటాయి. సినిమా కోసం చేసిన ఆకారం అది. వాటి వెడల్పు 148 మిల్లీమీటర్లు. పుట 70 శాతం, అక్షరం ఎనిమిదిన్నర పాయింట్లు. మామూలు ఐప్యాడ్, షావోమీ ప్యాడ్ 7 కొంచెం పలకలాగా ఉంటాయి కాబట్టి 75 శాతం వస్తుంది. 13 అంగుళాల ఐప్యాడ్ ప్రోలో 89 శాతం. 1,08,999 రూపాయల శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్10 అల్ట్రాకి 14.6 అంగుళాల తెర. అందులో పుట దాదాపు 93 శాతం కనబడుతుంది, ఇంచుమించు కాగితమే.

ఈ వరసలో నన్ను ఆపేసింది మధ్యలో ఉన్న ఒకటి. 2024లో 39,999 రూపాయలకు వచ్చిన వన్‌ప్లస్ ప్యాడ్ 2. దాని తెర 12.1 అంగుళాలు, ఆకారం 7:5. ఎ4 కాగితం పొడవుని వెడల్పుతో భాగిస్తే 1.414 వస్తుంది. ఈ తెర పిక్సెళ్ళు 3000కి 2120. భాగించి చూడండి, దాదాపు అదే అంకె. అంచుల్లో ఖాళీ పోకుండా పుట తెరంతా పరుచుకుంటుంది. 84 శాతం. 12 పాయింట్ల అక్షరం పదికి వస్తుంది. ఎనిమిదిన్నరకీ పదికీ మధ్య ఉన్న ఆ ఒకటిన్నర పాయింటు డెబ్బై ఆరేళ్ళ కంటికి ఎంత పెద్దదో మా నాన్నగారు దుకాణంలోనే చూపించారు. మొదటిదాన్ని పట్టుకుని కళ్ళు చికిలించారు. రెండోదాన్ని పట్టుకుని చదవడం మొదలుపెట్టి మమ్మల్ని మరిచిపోయారు.

నవలలు చదివేవాళ్ళకి ఇంత పెద్ద తెర అక్కర్లేదు. మన నవలలు, కథా సంపుటాలు ఎక్కువగా డెమీలో ఎనిమిదో వంతు సైజులో అచ్చవుతాయి. వెడల్పు సుమారు 140 మిల్లీమీటర్లు, పొడవు 216. ఆ పుట 11 అంగుళాల చవక ట్యాబ్‌లో కూడా కుదించుకోకుండా, అచ్చు పుస్తకమంత సైజులో పడుతుంది. పాత వారపత్రికలు, నిఘంటువులు, పెద్ద సైజు గ్రంథాల దగ్గరే ఇబ్బంది. పైగా తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరం కాదు. 'రాష్ట్రం' అన్న మాటలో ష కింద రెండు ఒత్తులు ఒదగాలి. పాత సీసపు అచ్చుల్లో అంచులు అరిగిన ఒత్తు, స్కాన్‌లో మరింత మసకబారి, చిన్న తెరమీద చుక్కలా మిగులుతుంది. అందుకే అంగుళానికి ఎన్ని పిక్సెళ్ళన్నది కూడా మనకి పట్టించుకోదగ్గ అంకె. 1920కి 1200 పిక్సెళ్ళున్న 11 అంగుళాల తెరలో అంగుళానికి 206 పడతాయి. ఐప్యాడ్‌లో 264, షావోమీ ప్యాడ్ 7లో 345 దాకా. 206తో వీడియోకి ఏ లోటూ ఉండదు. వట్రసుడికీ, క్రావడికీ తేడా పట్టుకోవాల్సినవాళ్ళు మాత్రం పై అంకె వైపు వెళ్ళాలి.

చదవడానికైతే కిండిల్ కొనొచ్చు కదా అని కొందరు అడుగుతారు. అమెజాన్ 2016 డిసెంబరులో భారతీయ భాషల ఈ-పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి. తెలుగు లేదు. తెలుగు చదువరి ట్యాబ్ మీద ఆధారపడటానికి ఇదొక ముఖ్య కారణం.

మళ్ళీ తెర కొలత సంగతికే వస్తే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి ఎనిమిదో తరగతి పిల్లలకి, ఉపాధ్యాయులకి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది. అవి 8.7 అంగుళాలవి. వీడియో పాఠం చూడటానికి ఆ తెర చాలు. పాఠ్యపుస్తకం పుటని చూడటానికి చాలదు. అక్కడ ఉద్దేశం వీడియోలే కాబట్టి ఎంపికని తప్పుపట్టను. కానీ ఆ ట్యాబ్‌ని చూసి, "మా పిల్లాడికీ అలాంటిదే ఒకటి కొని నోట్సు పీడీఎఫ్‌లు వేసిచ్చేస్తే సరి" అనుకునే తల్లిదండ్రులు ఈ 54 శాతం లెక్క గుర్తుపెట్టుకోవాలి.

తెర రకం గురించి రెండు మాటలు. పై వరసలో ఓఎల్‌ఈడీ ఉంటుంది. నలుపు నిజంగా నల్లగా ఉంటుంది, రంగులు పలుకుతాయి. ఐప్యాడ్ ప్రో తెర వెలుగు 1000 నిట్స్, మామూలు ఐప్యాడ్‌ది 500. చీకటి గదిలో సినిమా చూసేవాళ్ళు ఈ తేడాని ఆస్వాదిస్తారు. తెల్లటి పుట మీద నల్లటి అక్షరాలు చదివేవాళ్ళకి మధ్య వరస ఎల్‌సీడీ ఏ లోటూ చేయదు. ఆరుబయట ఎండలో పనిచేసే సర్వేయర్లకి, సైట్ ఇంజనీర్లకి ఆ 1000 నిట్స్ పనికొస్తాయి గానీ, అక్కడ మరో చిక్కుంది. ఐప్యాడ్‌లు వాడదగ్గ ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలని యాపిల్ స్వయంగా చెబుతోంది. మే నెలలో రెంటచింతలలోనో, రామగుండంలోనో ఏ ట్యాబ్‌ని ఎండలో పట్టుకున్నా అది తనంతట తానే వెలుగు తగ్గించుకుంటుంది. లక్ష పెట్టినా సూర్యుడు లొంగడు.

చిప్ గురించి ప్రకటనలన్నీ గొంతు చించుకుంటాయి. నా మట్టుకు కొనేవాళ్ళు అన్నిటికంటే తక్కువ పట్టించుకోవాల్సింది అదే. వన్‌ప్లస్ ప్యాడ్ 2లో ఉన్న స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 3, 2024లో ఖరీదైన ఆండ్రాయిడ్ ఫోన్లలో వాడిన చిప్. అది 40 వేల ట్యాబ్‌లోకి వచ్చేసింది. చదువు, వీడియో, ఉత్తరప్రత్యుత్తరాలు, లెక్కల పట్టికలు వీటిలో వేటికీ దాంట్లో సగం బలం కూడా అక్కర్లేదు. 2024 నాటి ఐప్యాడ్ ప్రోలోని ఎం4 అయితే ల్యాప్‌టాప్ చిప్పే. చూడాల్సింది ర్యామ్, స్టోరేజి. 4 జీబీ ర్యామ్ ఉన్న చవక ట్యాబ్‌లో ఒక పక్క క్లాసు వీడియో, మరో పక్క పీడీఎఫ్ తెరిస్తే, వెనక్కి వెళ్ళేసరికి మొదటిది మళ్ళీ మొదట్నుంచి లోడ్ అవుతుంది. పిల్లలు విసుక్కునేది దీనికే. 8 జీబీ, 128 జీబీ కంటే కిందికి దిగవద్దు. అట్టడుగు మోడళ్ళలో ఈఎంఎంసీ అనే నెమ్మది రకం స్టోరేజి వాడతారు, పైవాటిలో యూఎఫ్‌ఎస్ ఉంటుంది. కొత్తలో తేడా తెలియదు. సగం నిండాక తెలుస్తుంది. అసలైన దగా 15 వేల లోపు వరసలోనే ఎక్కువ. మధ్య వరస, పై వరస మధ్య తడబడేవాళ్ళు ఎటు పోయినా పెద్దగా నష్టపోరు. మరీ కిందికి దిగినవాళ్ళే రెండేళ్ళలో రెండోసారి కొంటారు.

ఇక కలం. మధ్య వరస, పై వరస విడిపోయేది నిజంగా ఇక్కడే.

మా అమ్మాయి ట్యాబ్ అడిగింది కలంతో నోట్సు రాసుకోవడానికి. స్నేహితురాళ్ళంతా రంగురంగుల గీతలతో రాస్తున్నారట. ఇక్కడ లెక్క తమాషాగా ఉంటుంది. మామూలు ఐప్యాడ్ 34,900. దానికి యూఎస్‌బీ-సీ పెన్సిల్ 7,900 పెట్టి విడిగా కొనాలి. మొత్తం 42,800. పైగా ఆ పెన్సిల్‌కి ఒత్తిడి తెలియదు. గట్టిగా నొక్కితే గీత లావవదు. శాంసంగ్ ట్యాబ్ ఎస్10 ఎఫ్ఈ 42,999, కలం డబ్బాలోనే వస్తుంది. ఆ కలం విద్యుదయస్కాంత పద్ధతిలో నడుస్తుంది. తెర కిందున్న పొర నుంచే శక్తి అందుకుంటుంది కాబట్టి రాయడానికి దాన్ని ఛార్జి చేయాల్సిన పని లేదు. పరీక్ష ముందురోజు రాత్రి కలం ఛార్జింగ్ అయిపోయిందని ఏడ్చే పిల్లల్ని చూసినవాళ్ళకి దీని విలువ తెలుస్తుంది. ఒకే ధరలో, ఒకే వరసలో కూడా ఇంత తేడా ఉంది. బజారులో రెండు మూడు వందలకి దొరికే రబ్బరు మొన కలాలు మాత్రం కొనకండి. అవి వేలికి బదులు పుల్ల, అంతే. అరచెయ్యి తెరకి తగిలితే గీతలు పడతాయి.

నోట్సుకి ఇక్కడితో ఆగొచ్చు. బొమ్మకి ఆగలేం. మామూలు ఐప్యాడ్‌లో పైన గాజు వేరు, కింద తెర వేరు. రెంటి మధ్యా సన్నని ఖాళీ ఉంటుంది. రాస్తే పట్టదు గానీ, కనుబొమ గీస్తుంటే కలం మొన ఒకచోట, గీత ఒక వెంట్రుక దూరంలో మరోచోట పడుతున్నట్టు ఉంటుంది. ఎయిర్‌లో గాజు, తెర అతికి ఉంటాయి. ప్రోలో ఆ అతుకుతో పాటు సెకనుకి 120 సార్లు మారే 120 హెర్ట్జ్ తెర కూడా ఉంటుంది. 60 హెర్ట్జ్ తెర ఒక బొమ్మ మార్చడానికి 16.7 మిల్లీసెకన్లు తీసుకుంటే 120 హెర్ట్జ్ 8.3 తీసుకుంటుంది. వేగంగా గీసే చేతికి ఆ తేడా కలం వెనక గీత తోకలా సాగడంగా కనబడుతుంది. ప్రొక్రియేట్ అనే బొమ్మల యాప్ ఐప్యాడ్‌కే ఉంది, ఆండ్రాయిడ్‌కి లేదు. అందులో ఒక బొమ్మకి ఎన్ని పొరలు పెట్టుకోవచ్చో ట్యాబ్ మెమరీని బట్టి ఉంటుంది. పెద్ద పోస్టర్ గీసేవాడికి చిన్న ట్యాబ్‌లో సగం పనిలో పొరలు అయిపోతాయి. రోజుకి ఎనిమిది గంటలు గీసి దానిమీదే జీతం తెచ్చుకునే మా మేనల్లుడికి పై వరస విలాసం కాదు, వడ్రంగికి మంచి ఉలిలాంటిది. లక్ష పెట్టమనే చెప్పాను. వారాంతంలో సరదాగా గీసుకునే పిల్లలకి అదే మాట చెప్పను.

పై వరస కొనేవాళ్ళలో చాలామంది చెప్పే కారణం మరొకటి. "ల్యాప్‌టాప్ బదులు ఇదే వాడేస్తాను." ఈ మాట కాగితం మీద లెక్క వేసి చూడండి. 11 అంగుళాల ఐప్యాడ్ ప్రో 99,900. మ్యాజిక్ కీబోర్డు 29,900. పెన్సిల్ ప్రో 11,900. మొత్తం 1,41,700. 2025లో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్ ధర 99,900, కీబోర్డు దానికే ఉంటుంది. డబ్బు సంగతి అలా ఉంచి, పని సంగతి చూద్దాం. ఊళ్ళో డీటీపీ సెంటర్ నడిపే మనిషికి అను స్క్రిప్ట్, పేజ్‌మేకర్ కావాలి. కిరాణా హోల్‌సేల్ వ్యాపారికి ట్యాలీ కావాలి. ఇంజనీరింగ్ విద్యార్థికి ప్రోగ్రాములు రాసి నడిపించుకునే చోటు కావాలి. ఇవన్నీ విండోస్ మీదో, పూర్తిస్థాయి కంప్యూటర్ మీదో బతికే పనులు. ఎం4 చిప్ ఎంత బలమైనదైనా ఐప్యాడ్ మీద పేజ్‌మేకర్ తెరుచుకోదు. 2025 సెప్టెంబరులో వచ్చిన ఐప్యాడ్‌ఓఎస్ 26తో కిటికీల పద్ధతిలో నాలుగైదు యాప్‌లు పక్కపక్కన పెట్టుకునే వీలు వచ్చింది. మంచి మార్పే. కానీ ఆ వీలు 34,900 రూపాయల ఐప్యాడ్‌కి కూడా వచ్చింది. దానికోసమే ప్రో కొనాల్సిన పని తప్పింది. ఇంజనీరింగ్‌లో చేరే పిల్లలకి ఒక్క మాట: ఉన్నది అరవై వేలయితే, 40 వేల ల్యాప్‌టాప్, 20 వేల ట్యాబ్ తీసుకోండి. అరవై వేల ట్యాబ్ ఒక్కటీ తీసుకోవద్దు.

ఎన్నేళ్ళు నడుస్తుందన్నది చివరి పెద్ద ప్రశ్న. తెలుగువాళ్ళకి దీని మీద ఒక ప్రత్యేకమైన జ్ఞాపకం ఉంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరం ఒకానొక కూర్పులో సందేశంగా వస్తే ఐఫోన్లు, ఐప్యాడ్‌లలో యాప్‌లు కూలిపోయాయి. ఐఓఎస్ 11లో మన లిపిని కూర్చే చోట ఒక తప్పు దొర్లింది. ఆ నెల 19న 11.2.6 అప్‌డేట్ వచ్చి సరిచేసింది. అప్‌డేట్ అంటే కొత్త హంగులు మాత్రమే అనుకునేవాళ్ళు ఈ ఉదంతం గుర్తుపెట్టుకోవాలి. సంక్లిష్టమైన లిపి రాసేవాళ్ళం కాబట్టి ఇలాంటి మరమ్మతులు మనకి మరీ అవసరం.

యాపిల్‌లో ఈ విషయంలో చవకకీ ఖరీదుకీ పెద్ద వివక్ష లేదు. 2020 నాటి మామూలు ఐప్యాడ్‌కి ఐదేళ్ళ తర్వాత ఐప్యాడ్‌ఓఎస్ 26 అందింది. 2018 నాటి ఐప్యాడ్ ప్రోకి ఏడేళ్ళకి కూడా అందింది. ఆండ్రాయిడ్ ట్యాబ్‌ల చరిత్ర ఇంత నిలకడైనది కాదు. 2019లో గూగుల్ తాను ఇక ట్యాబ్‌లు తయారుచేయనని చెప్పేసింది. మళ్ళీ పెద్ద తెరల కోసమే ప్రత్యేకంగా ఆండ్రాయిడ్ 12ఎల్ తెచ్చింది 2022లో. ఆ మధ్యకాలంలో కొన్నవాళ్ళకి ఫోన్ యాప్‌లే సాగదీసినట్టు కనబడేవి. ఇప్పుడు శాంసంగ్ ట్యాబ్ ఎస్10 వరసకి ఏడేళ్ళు అప్‌డేట్‌లిస్తానంటోంది. మధ్య వరసలో ఈ హామీ మోడల్‌ని బట్టి మారుతుంది. డబ్బా మీద రాయరు. దుకాణదారుని అడిగి కాకుండా, కంపెనీ చెప్పిన మాట చూసి కొనాలి. 13 వేల ట్యాబ్ మూడేళ్ళు నడిస్తే ఏడాదికి 4,300 పడుతుంది. 35 వేలది ఆరేళ్ళు నడిస్తే 5,800. ఏడాదికి తేడా పదిహేను వందలే. 1,29,900 రూపాయలది ఏడేళ్ళు నడిచినా ఏడాదికి 18,500 దాటుతుంది.

పగిలితే ఏమవుతుందో కూడా అడగండి. మామూలు ఐప్యాడ్‌లో గాజూ తెరా విడివిడిగా ఉండటం బొమ్మలు గీసేవాళ్ళకి లోపమన్నాను. చిన్నపిల్లలున్న ఇంట్లో అదే వరం. గాజు పగిలితే గాజే మారుస్తారు. అతికిన తెరలో ఒక మూల చిట్లినా మొత్తం మార్చాల్సిందే, ఆ ఖర్చు ట్యాబ్ ధరలో పెద్ద వాటానే తినేస్తుంది. సిమ్ ఉన్న మోడల్ గురించి: మామూలు ఐప్యాడ్‌కి సిమ్ కావాలంటే 15 వేలు అదనం. జేబులో ఫోన్ ఉండగా, హాట్‌స్పాట్ ఉండగా, ఇంట్లో వాడేవాళ్ళకి అది దండగ. కారులో దారి చూపించుకోవాలనుకునేవాళ్ళు మాత్రం ఒకటి తెలుసుకోవాలి. వైఫై ఐప్యాడ్‌లో జీపీఎస్ ఉండదు.

మేం చివరికి ఏం కొన్నామో చెప్తాను. నాన్నగారికి 12.1 అంగుళాల 7:5 తెర ఉన్నది. ఆయనకి ఆ చిప్ అవసరం లేదు. ఆ తెర కోసమే ఆ ధర పెట్టాం. అమ్మాయికి కలం డబ్బాలోనే వచ్చే మధ్య వరస శాంసంగ్. లెక్కలు మాత్రం కాగితం మీదే చేయమన్నాను, పరీక్ష కాగితం మీదే కాబట్టి. ఇంట్లో ఎవరికీ లక్ష పెట్టే అవసరం రాలేదు. మేనల్లుడు తన డబ్బుతో ప్రో కొనుక్కున్నాడు.

మీరు కొనడానికి వెళ్ళేటప్పుడు, రోజూ చదివే పీడీఎఫ్ ఒకటి, అందులోనూ అన్నిటికంటే చిన్న అక్షరాలున్నది, మీ మెయిల్‌లో పెట్టుకుని వెళ్ళండి. ఎవరికోసం కొంటున్నారో వాళ్ళని వెంట తీసుకెళ్ళండి. దుకాణంలోని డెమో ట్యాబ్‌లో ఆ పీడీఎఫ్ తెరిపించి, సాగదీయకుండా, పుట మొత్తం కనబడేలా పెట్టి, పది నిమిషాలు వాళ్ళనే చదవనివ్వండి.